ఇంటి తగవు, బయటి చెయ్యి: బస్తర్ ఇనుము, ఇరాన్ చమురు

1. విషయ పరిచయం

మీరు ఎర్రబోరులోనో, దోర్నపాల్‌లోనో, కుంటలోనో కూర్చుని ఈ పాఠం చదువుతున్నారనుకుందాం. జగదల్‌పూర్ నుంచి సుక్మా మీదుగా కుంట చేరి, అక్కడి నుంచి భద్రాచలం వైపు పోయే రోడ్డు మీకు తెలిసినదే. ఆ రోడ్డు మీద పోయే లారీని ఒకసారి గమనించండి. అది డీజిలుతో నడుస్తుంది. డీజిలు ముడి చమురు నుంచి వస్తుంది. మన దేశం వాడే ముడి చమురులో ఎక్కువ భాగం విదేశాల నుంచి కొనుక్కుంటున్నదే. లారీ చట్రం ఉక్కుతో చేసినది. ఉక్కుకు కావలసిన ఇనుప రాయి మీకు ఉత్తరాన, దంతేవాడ జిల్లాలోని బైలాడీలా కొండల్లో ఉంది.

చమురు, ఇనుము రెండూ భూమి లోపల దొరికే సంపదలు. ఇలాంటి సంపద ఉన్న చోట బయటివారి చూపు ఎప్పుడూ ఉంటుంది. ఆ రాజ్యంలో అంతా సవ్యంగా ఉన్నప్పుడు బయటివారు బేరమాడి కొనుక్కుంటారు. లోపల తగవు వచ్చినప్పుడు మాత్రం వారికి మరో దారి కనిపిస్తుంది. ఆ దారి గురించే ఈ పాఠం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలు చెప్పగలుగుతారు.

(అ) ఒక రాజ్యపు అంతర్గత వ్యవహారంలో బయటివారి జోక్యం అంటే ఏమిటి?
(ఆ) బస్తర్‌లో 1778లోను, 1947లోను ఏం జరిగింది?
(ఇ) ఇరాన్‌లో 1951 నుంచి 1953 వరకు చమురు కోసం ఏం జరిగింది?
(ఈ) సహాయానికీ, జోక్యానికీ తేడా ఎలా గుర్తించాలి?

2. ఒక చిన్న ఉదాహరణ

ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. తండ్రి చనిపోయాడు. కొంత పొలం, పది ఇప్పచెట్లు ఉన్నాయి. పెత్తనం ఎవరిదన్న దగ్గర తగవు వచ్చింది. పక్క ఊరి ఆసామి తమ్ముడి దగ్గరకు వచ్చి, "నీకేం భయం లేదు. కోర్టు ఖర్చు నాది, నీ తరఫున నిలబడే మనుషులు నా వాళ్లు" అన్నాడు. తమ్ముడు గెలిచాడు. ఆ మరుసటి ఎండాకాలం నుంచి ఇప్పపువ్వు ఏరుకున్నది మాత్రం ఆసామి మనుషులు.

ఇందులో మూడు సంగతులు గమనించండి. మొదటిది, తగవు నిజమైనదే. దాన్ని ఆసామి పుట్టించలేదు, వాడుకున్నాడు. రెండవది, సహాయం కూడా నిజమైనదే. తమ్ముడు గెలిచిన మాట వాస్తవం. మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ సహాయానికి ధర చెల్లించింది తమ్ముడొక్కడే కాదు. అన్న, ఇద్దరి పిల్లలు, వారి పిల్లలు కూడా చెల్లించారు. వారినెవరూ అడగలేదు.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మన పెద్దలు అనేది ఇలాంటి సందర్భాల్లోనే. ఇక ఊరి స్థాయి నుంచి రాజ్యం స్థాయికి వెళదాం.

3. బస్తర్ మొదటి అనుభవం: కోట్‌పాడ్ ధర

కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి తమ వంశాన్ని స్థాపించాడని బస్తర్ రాజులు చెప్పుకొనేవారు. ఆ వంశంలో దళపత్‌దేవ్ మరణించిన తరువాత, 1774 ప్రాంతంలో, ఆయన కుమారులు దర్యావ్‌దేవ్, అజ్మీర్‌సింగ్‌ల మధ్య గద్దె కోసం తగవు వచ్చింది. డోంగర్ ప్రాంతపు హల్బా సైనికులు అజ్మీర్‌సింగ్ పక్షం వహించారు.

దర్యావ్‌దేవ్ తన బలం చాలక బయటివారిని ఆశ్రయించాడు. ఒకరు జయపురం రాజు. (ఇది నేటి ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉన్న జయపురం. రాజస్థాన్‌లోని జైపూర్ కాదు.) మరొకరు నాగపూర్‌ను ఏలుతున్న మరాఠా భోంస్లేలు. వారి సాయంతో దర్యావ్‌దేవ్ గద్దెనెక్కాడు. హల్బాలపై దారుణమైన ప్రతీకారం జరిగింది.

ఆ తరువాత లెక్క చెప్పవలసిన సమయం వచ్చింది. 1778లో కుదిరిన కోట్‌పాడ్ ఒప్పందంతో బస్తర్ నాగపూర్‌కు ఏటా కప్పం కట్టే సామంత రాజ్యమయింది. కోట్‌పాడ్ ప్రాంతం జయపురానికి పోయింది. దానికోసం రెండు రాజ్యాల మధ్య దశాబ్దాల తరబడి తగాదా నడిచినా, అది బస్తర్‌కు తిరిగి రాలేదు. ఇప్పుడు మీరు పటం తీసి చూడండి. కోట్‌పాడ్ ఒడిశాలోనే ఉంది. అన్నదమ్ముల మధ్య కొద్ది సంవత్సరాలు నడిచిన తగవుకు చెల్లించిన ధర రెండున్నర శతాబ్దాలకు దగ్గరవుతున్నా పటం మీద కనిపిస్తూనే ఉంది.

కప్పం సంగతి కూడా చూడండి. 1854లో ఈస్టిండియా కంపెనీ నాగపూర్ రాజ్యాన్ని కలుపుకొన్నది. నాగపూర్‌కు సామంతులుగా ఉన్న బస్తర్ రాజులు దానితో పాటే బ్రిటిష్ అధికారం కిందికి వెళ్లారు. అంటే ఒకసారి ఒకరి చేతికి ఇచ్చిన పగ్గం, మనకు తెలియకుండానే మరొకరి చేతికి మారవచ్చు.

బ్రిటిష్ పాలనలో అడవులపై ఆంక్షలు, వెట్టిచాకరీ పెరిగాయి. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ పేరు ఆ తిరుగుబాటుతో నిలిచిపోయింది. బయటి నుంచి బలగాలను తెచ్చి దాన్ని అణచివేశారు.

4. ఇనుప కొండ, పసి రాజు

బైలాడీలా అంటే ఎద్దు మూపురం అని అర్థం. కొండ శిఖరం ఆ ఆకారంలో కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అక్కడ మేలిరకం ఇనుప ఖనిజం ఉందని భూవిజ్ఞాన సర్వే వారు పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికే గుర్తించారు. 1930లలో మరింత వివరంగా పరిశీలించారు. అంటే స్వాతంత్ర్యం రాకముందే ఆ కొండ విలువ బయటివారికి బాగా తెలుసు.

అదే కాలంలో బస్తర్ సింహాసనం బలహీనపడింది. రాణి ప్రఫుల్లకుమారీ దేవి 1936లో లండన్‌లో మరణించారు. ఆమె కుమారుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1929లో పుట్టినవాడు. ఏడేళ్ల పిల్లవాడు సుమారు 13 వేల చదరపు మైళ్ల రాజ్యానికి రాజయ్యాడు. పేరుకు రాజు పిల్లవాడు, పాలన మాత్రం బ్రిటిష్ వారు చూసేవారు. ఆయనకు పూర్తి అధికారాలు 1947లో గాని రాలేదు.

ఇప్పుడు 1947 నాటి పరిస్థితి చూద్దాం. బ్రిటిష్ వారు దేశం విడిచి వెళుతున్నారు. సంస్థానాలపై వారికి ఉన్న అధికారం రద్దవుతుందని ప్రకటించారు. అప్పుడు ఒక్కొక్క సంస్థానం భారతదేశంలో చేరుతుందా, పాకిస్తాన్‌లో చేరుతుందా, వేరుగా ఉంటానంటుందా అన్న ప్రశ్న వచ్చింది. హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వతంత్రంగా ఉండాలనుకున్నాడు.

స్వతంత్రంగా ఉండాలనుకునే రాజ్యానికి పరిశ్రమలు కావాలి. హైదరాబాదు రాజ్యానికి కొత్తగూడెం ప్రాంతంలో సింగరేణి బొగ్గు ఉంది. బస్తర్‌కు మేలిరకం ఇనుము ఉంది. బొగ్గు, ఇనుము కలిస్తే ఉక్కు పరిశ్రమకు పునాది పడుతుంది. బస్తర్ సంపదపై హైదరాబాదుకు ఎందుకు ఆసక్తి కలిగిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

బస్తర్ ఖనిజ సంపదను దీర్ఘకాలపు కౌలుకు హైదరాబాదుకు ఇచ్చే సంప్రదింపులు నడిచాయి. వాటిని నడిపించినది బ్రిటిష్ ప్రభుత్వపు రాజకీయ శాఖ. ఈ శాఖ సంస్థానాల వ్యవహారాలు చూసేది. పసి రాజు ఆస్తికి కాపలాదారుగా ఉండవలసినది కూడా ఆ శాఖే. కాపలాదారే, తాను ఊరు విడిచి వెళ్లే ముందు, ఇంటివాడి సొత్తును దీర్ఘకాలం పరుల చేతికి అప్పగించబోయాడన్న మాట.

ఈ సంగతి సర్దార్ వల్లభభాయ్ పటేల్ దృష్టికి వచ్చింది. ఆయన దీన్ని అడ్డుకున్నారు. కౌలు జరగలేదు. తరువాత 1947 డిసెంబరులో నాగపూర్‌లో ఛత్తీస్‌గఢ్ సంస్థానాధీశులు విలీన పత్రాలపై సంతకాలు చేశారు. 1948 జనవరి 1 నుంచి బస్తర్ మధ్యపరగణాలు, బేరార్ రాష్ట్రంలో కలిసింది. అదే సంవత్సరం సెప్టెంబరులో సైనిక చర్యతో హైదరాబాదు కూడా భారతదేశంలో కలిసింది.

బైలాడీలా ఖనిజం తవ్వకం 1968లో మొదలయింది. తవ్వినది భారత ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ. కొత్తవలస నుంచి కిరందుల్ వరకు వేసిన రైలు మార్గం మీద ఖనిజం విశాఖపట్నం రేవుకు చేరి, అక్కడి నుంచి జపాన్‌కు వెళ్లేది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. కౌలు ఇవ్వబోయినవారు ఆ కొండ కింది గ్రామాలను అడగలేదు. ఆ కౌలు వద్దన్నవారు కూడా వారిని అడగలేదు. దేశం ఒక పెద్ద నష్టం తప్పించుకున్న మాట నిజం. ఆ గ్రామాల మాట ఎవరూ వినలేదన్న మాట కూడా అంతే నిజం. ఈ ప్రశ్న దగ్గరకు మళ్లీ వద్దాం.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1

(1) దర్యావ్‌దేవ్‌కు సహాయం చేసిన ఇద్దరు బయటివారు ఎవరు?
(2) 1947లో బస్తర్ కౌలు వ్యవహారానికి అవకాశం ఇచ్చిన లోపలి బలహీనత ఏది?

5. ఇరాన్ చమురు

ఇప్పుడు మరో దేశానికి వెళదాం. ఇరాన్‌లో 1908లో చమురు పడింది. మరుసటి సంవత్సరం ఒక బ్రిటిష్ కంపెనీ ఏర్పడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ కంపెనీలో ఎక్కువ వాటాలు కొన్నది. అంటే కంపెనీ యజమాని ఒక విదేశీ ప్రభుత్వమే. అబాదాన్‌లో కట్టిన చమురు శుద్ధి కర్మాగారం ఆ తరువాత ప్రపంచంలోకెల్లా పెద్దదయింది. అయితే తమ చమురు మీద ఇరాన్‌కు వచ్చే వాటా కంటే, బ్రిటిష్ ప్రభుత్వానికి పన్నుల రూపంలో పోయేది ఎక్కువగా ఉండేది. కంపెనీ లెక్కల పుస్తకాలు చూసే అధికారం కూడా ఇరాన్‌కు లేదు.

1951 మార్చిలో ఇరాన్ పార్లమెంటు చమురు పరిశ్రమను జాతీయం చేసింది. జాతీయం చేయడమంటే ప్రైవేటు చేతిలోనో, పరాయి చేతిలోనో ఉన్నదాన్ని దేశపు సొత్తుగా ప్రకటించి ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం. ఆ ఉద్యమానికి నాయకుడైన మొహమ్మద్ మొసాదిక్ కొద్ది వారాలకే ప్రధానమంత్రి అయ్యారు. కంపెనీకి నష్టపరిహారం ఇస్తామని కూడా ఇరాన్ చెప్పింది.

బ్రిటన్ ఒప్పుకోలేదు. అది చేసిన పనులు ఒక్కొక్కటిగా చూడండి.

మొదట, చమురు కొనేవారు లేకుండా చేసింది. ఇరాన్ చమురు దొంగసొత్తు అని ప్రకటించి, కొన్నవారిపై దావాలు వేసింది. 1952లో ఇరాన్ చమురుతో వెళుతున్న రోజ్ మేరీ అనే ఓడను ఏడెన్ రేవులో పట్టుకున్నారు. చమురు ఉన్నా అమ్ముడుపోక ఇరాన్ ఖజానా ఖాళీ అయింది.

తరువాత, న్యాయస్థానానికి వెళ్లింది. ఈ వివాదం తమ అధికార పరిధిలోకి రాదని అంతర్జాతీయ న్యాయస్థానం 1952 జులైలో తీర్పు చెప్పింది. ఇది ఇరాన్‌కు విజయమే.

చివరకు రహస్య మార్గం పట్టింది. 1952 అక్టోబరులో ఇరాన్ బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకోవడంతో బ్రిటిష్ గూఢచారులు దేశం విడవవలసి వచ్చింది. అప్పుడు బ్రిటన్ అమెరికాను తోడు తెచ్చుకుంది. ఇరాన్ కమ్యూనిస్టుల చేతిలోకి పోతుందేమోనన్న భయం అమెరికాకు ఉంది. అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఎ. డబ్బుతో పత్రికల్లో రాతలు రాయించారు. కొందరు సైనికాధికారులను కూడగట్టారు. కిరాయి గుంపులను వీధుల్లోకి దింపారు.

1953 ఆగస్టు 15 రాత్రి జరిగిన మొదటి ప్రయత్నం విఫలమయింది. రాజు మొహమ్మద్ రెజా షా దేశం విడిచి బాగ్దాదుకు, అక్కడి నుంచి రోమ్‌కు వెళ్లిపోయాడు. ఆగస్టు 19న రెండో ప్రయత్నం ఫలించింది. ఆ రోజు ఘర్షణల్లో సుమారు 300 మంది చనిపోయారని అంచనా. మొసాదిక్‌కు మూడేళ్ల జైలు శిక్ష పడింది. తరువాత 1967లో చనిపోయేవరకు ఆయనను సొంత ఊళ్లోనే నిర్బంధంలో ఉంచారు.

ఇక ధర సంగతి. 1954లో ఇరాన్ చమురు నడపడానికి విదేశీ కంపెనీల కూటమి ఏర్పడింది. అందులో పాత బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40 శాతం, షెల్ కంపెనీకి 14 శాతం, ఒక ఫ్రెంచి కంపెనీకి 6 శాతం వాటాలు దక్కాయి. అంతకుముందు ఇరాన్ చమురులో అమెరికాకు వాటా లేదన్న సంగతి గుర్తుంచుకోండి. లాభంలో సగం ఇరాన్‌కు ఇస్తామన్నారు. ఇది పాత ఒప్పందం కంటే మెరుగే. కాని నిర్ణయాధికారం మాత్రం మళ్లీ బయటికి పోయింది.

షా మరో పాతికేళ్లు కఠినంగా పాలించాడు. 1979లో విప్లవం వచ్చి అతన్ని తొలగించింది. అమెరికాపై ఇరాన్ ప్రజల్లో పేరుకున్న కోపానికి 1953 ఒక ముఖ్య కారణం. ఆ కుట్రలో తన పాత్రను ఒప్పుకునే పత్రాలను సి.ఐ.ఎ. 2013లో గాని బయటపెట్టలేదు. అప్పటికి అరవై ఏళ్లు గడిచాయి.

6. తప్పంతా బయటివారిదేనా?

ఇలాంటి పాఠం చదివినప్పుడు, అన్ని కష్టాలకూ బయటివారే కారణమనుకోవడం సులభం. కాని అది పూర్తి నిజం కాదు. ఇరాన్‌లో లోపలి చీలికలు ఉన్నాయి. మొసాదిక్‌కు మొదట అండగా నిలిచిన మతపెద్ద కాషానీ తరువాత ఎదురు తిరిగారు. ఆదాయం లేక ప్రజలు ఇబ్బందులు పడ్డారు. 1953 ఆగస్టులో మొసాదిక్ ప్రజాభిప్రాయ సేకరణ జరిపి పార్లమెంటును రద్దు చేయించడం కొందరు మిత్రులకే నచ్చలేదు. బస్తర్‌లోనూ అన్నదమ్ముల తగవు మరాఠాలు పుట్టించినది కాదు.

గోడలో బీట లేనిదే రావి మొక్క మొలవదు. కాని మొలిచిన తరువాత, ఆ బీటను పెంచేది మొక్కే. లోపలి కారణాన్నీ, బయటి చేతినీ రెండింటినీ కలిపి చూడడం నేర్చుకోవాలి.

ఇంకో సంగతి. బయటినుంచి వచ్చే ప్రతి సహాయమూ జోక్యం కాదు. వరద వచ్చినప్పుడు బియ్యం పంపడం సహాయం. తేడా తెలుసుకోవడానికి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

(1) సహాయం అందరికా, తగవులో ఒక పక్షానికా?
(2) బహిరంగంగా జరిగిందా, రహస్యంగానా?
(3) దానికి ప్రతిఫలం ఏమిటి? అది ఎన్నేళ్లు చెల్లించాలి?
(4) ఆ ప్రతిఫలం ఎవరి సొత్తు? వారిని అడిగారా?

7. అడగడం అంటే ఏమిటి?

నాలుగో ప్రశ్న మనలను మళ్లీ కొండ కింది గ్రామాల దగ్గరకు తీసుకువస్తుంది. ఇక్కడ బయటివారు అంటే విదేశీయులు కారు, మన ప్రభుత్వమూ మన సంస్థలే. అయినా అడగడమన్న సూత్రం మారదు.

బస్తర్ రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం ఇలాంటి ప్రాంతాల్లో ప్రాజెక్టుల కోసం భూమి సేకరించే ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలి. ఇసుక, రాయి వంటి చిన్న ఖనిజాల కౌలుకు ముందుగా వారి సిఫారసు తప్పనిసరి. ఇనుము పెద్ద ఖనిజం కాబట్టి ఈ రెండో నియమం దానికి వర్తించదు. అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మరికొంత బలమిచ్చింది. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం గురించి గ్రామసభలు నిర్ణయించాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

బైలాడీలాలోనే 2019 జూన్‌లో, 13వ నంబరు నిక్షేపం తవ్వకానికి వ్యతిరేకంగా ఆదివాసీలు కిరందుల్‌లో ఆందోళన చేశారు. అనుమతికి ఆధారంగా చూపిన గ్రామసభ సక్రమంగా జరగలేదన్నది వారి ఫిర్యాదు. రాష్ట్ర ప్రభుత్వం పనులు నిలిపి విచారణకు ఆదేశించింది.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. చట్టంలో గ్రామసభ అన్న మాట ఉంటే చాలదు. సభ జరిగిన రోజున మీరు అక్కడ ఉండాలి. తీర్మానం మీకు తెలిసిన భాషలో చదివి వినిపించమని అడగాలి. వేలిముద్ర వేసే ముందు, సంతకం చేసే ముందు, కాగితంలో ఏముందో తెలుసుకోవాలి. ఏడేళ్ల రాజుకు ఆ అవకాశం లేదు. మీకు ఉంది. మీరు ఈ పుస్తకం చదువుతున్నది కూడా ఆ అవకాశం కోసమే.

8. సారాంశం

సంపద గల రాజ్యంలో తగవు వస్తే, బయటివారు ఒక పక్షం వహించి ఆ సంపదపై హక్కు సంపాదించే ప్రయత్నం చేస్తారు. బస్తర్‌లో 1778లో అది గద్దె తగవు ద్వారా జరిగింది. 1947లో రాజు బాల్యాన్ని ఆసరా చేసుకుని జరగబోయి ఆగింది. ఇరాన్‌లో 1953లో బహిష్కరణ, డబ్బు, కుట్రల ద్వారా జరిగింది. సహాయం చేసేవారి బలం కంటే, ఆ సహాయానికి అడిగే ధరను ముందుగా చూడాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2

(3) జాతీయం చేయడమంటే ఏమిటి?
(4) 1954 ఒప్పందంలో కొత్తగా లాభపడిన దేశం ఏది? ఎందుకు అలా చెప్పగలం?
(5) మీ ఊళ్లో గత సంవత్సరం గ్రామసభ ఎన్నిసార్లు జరిగింది? ఏ తీర్మానాలు చేశారు? పంచాయతీలో అడిగి తెలుసుకుని అయిదు వాక్యాలు రాయండి.

జవాబులు

(1) జయపురం రాజు, నాగపూర్ భోంస్లేలు.
(2) రాజు మైనరు కావడం, పాలన పరుల చేతిలో ఉండడం.
(3) ప్రైవేటు లేదా పరాయి చేతిలో ఉన్నదాన్ని దేశపు సొత్తుగా ప్రకటించి ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం.
(4) అమెరికా. అంతకుముందు ఇరాన్ చమురులో వాటా లేని అమెరికన్ కంపెనీలకు 40 శాతం దక్కింది.
(5) ఈ జవాబు మీ ఊళ్లోనే ఉంది. రాసిన తరువాత మీ అధ్యయన కేంద్రంలో మిగిలినవారితో పోల్చి చూసుకోండి.